బొమ్మలతో చదువు చెప్పిన కొమీనియస్

మన వాచకాల్లో పాఠం పైన బొమ్మ, కింద మాటలు ఉంటాయి కదా! ఈ పద్ధతిని బడి చదువులోకి గట్టిగా తెచ్చినాయన జాన్ ఆమోస్ కొమీనియస్. ఆయన 1592 మార్చి 28న మొరావియాలో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. సొంత భాషలో ఆయన పేరు కొమెన్‌స్కీ.

చిన్నప్పుడే తల్లీతండ్రీ చనిపోయారు. బంధువుల దగ్గర పెరిగారు. లాటిన్ బడిలో చేరేసరికే 16 ఏళ్ళు. ఆ కాలంలో పెద్ద చదువులన్నీ లాటిన్‌లోనే. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో వినేది ఇంకొకటి. అర్థం తెలియకుండా సూత్రాలు బట్టీ పట్టాలి, రాకపోతే దెబ్బలు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అంటే ఎట్లా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. వయసొచ్చాక చేరారు కాబట్టి ఆ బడిలో లోపం ఎక్కడుందో కొమీనియస్‌కి బాగా కనపడింది.

జర్మనీలో చదువుకొని వచ్చి పంతులుగా, తర్వాత మత గురువుగా పనిచేశారు. 1618లో పెద్ద యుద్ధం మొదలైంది. 1620లో ఆయన పక్షం ఓడిపోయింది. ఊరు విడిచి దాక్కోవలసి వచ్చింది. 1622లో భార్య, ఇద్దరు పిల్లలు ప్లేగుతో పోయారు. 1628లో దేశం దాటి పోలండులోని లెష్నో చేరారు. మళ్ళీ సొంతగడ్డ మీద బతకడానికి వీలు కాలేదు.

అయినా పిల్లల పుస్తకాలు మానలేదు. 1631లో సుమారు 8000 మాటలను 1000 వాక్యాల్లో ఇమిడ్చి లాటిన్ నేర్పే పుస్తకం వేశారు. అది చాలా భాషల్లోకి వెళ్ళింది. కానీ చిన్నపిల్లలకు అదీ బరువే. మాట కంటే ముందు వస్తువు కనపడాలి అని ఆయన పట్టుదల. వస్తువు తేలేకపోతే బొమ్మయినా చూపించాలి. తరగతి గది గోడల నిండా పాఠాల సారం, బొమ్మలు ఉండాలని కూడా రాశారు. (మన గోడపత్రిక చూస్తే సంతోషపడేవారే!)

1650 నుంచి 1654 వరకు హంగరీలోని సారోష్‌పటక్ బడిలో ఉన్నప్పుడు బొమ్మల పుస్తకం రాశారు. చెక్క మీద బొమ్మలు చెక్కే మంచి పనివాడు అక్కడ దొరకలేదు. అచ్చు ఆలస్యమైంది. ఈలోగా 1656లో యుద్ధంలో లెష్నో తగలబడింది. ఇల్లు, పుస్తకాలు, 40 ఏళ్ళకు పైగా కూర్చిన చెక్ నిఘంటువు రాతప్రతి బూడిదయ్యాయి. అప్పటికి ఆయనకు 64 ఏళ్ళు. ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి మళ్ళీ పనిలో పడ్డారు.

1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆ పుస్తకం అచ్చయింది. పేరు ఆర్బిస్ పిక్టస్, అంటే బొమ్మల లోకం. అందులో 150 బొమ్మలు. నిప్పు, నీళ్ళు, పక్షులు, కమ్మరి, రొట్టెలు కాల్చేవాడు, అన్నీ ఉన్నాయి. బొమ్మలో ఒక్కో వస్తువుకి ఒక అంకె. కింద వాక్యంలో ఆ వస్తువు పేరు పక్కన అదే అంకె. ఒకవైపు లాటిన్, పక్కనే పిల్లల జర్మన్. అక్షరాలకు జంతువుల అరుపులు పెట్టారు. కాకి అరుపుతో మొదటి అక్షరం, గొర్రెపిల్ల అరుపుతో రెండోది. పిల్లలు ఆ బొమ్మలు చూసి తామే గీసుకోవాలని కూడా చెప్పారు. బొమ్మ గీసినవాడు ఆ మాట మరిచిపోడు కదా.

ఆయన 1670లో కన్నుమూశారు. నార్డెన్ ఊళ్ళో సమాధి చేశారు. చెక్ దేశంలో మార్చి 28న ఉపాధ్యాయ దినం జరుపుకుంటారు. అక్కడి 200 నోటు మీద ఒకవైపు ఆయన ముఖం, రెండోవైపు పెద్దవాళ్ళ చేయి, పిల్లవాడి చేయి కలుసుకుంటున్న బొమ్మ ఉంటాయి.