మదనపల్లె మాస్టారు జేమ్స్ కజిన్స్

ఎక్కడి ఐర్లాండ్, ఎక్కడి మదనపల్లె! అక్కడ పుట్టిన ఓ కవి ఇక్కడ మాస్టారయ్యారు, ఇక్కడే కన్నుమూశారు. ఆయనే జేమ్స్ కజిన్స్.

1873లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కజిన్స్ డబ్లిన్‌లో బడిపంతులుగా పనిచేస్తూ కవితలు, నాటకాలు రాశారు. 1915లో అనీబిసెంట్ పిలుపుతో భార్య మార్గరెట్‌తో కలిసి మద్రాసు వచ్చి, ఆమె నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో చేరారు.

మరుసటి ఏడాది డబ్లిన్‌లో జనం బ్రిటిష్ పాలనపై తిరగబడ్డారు. సర్కారు కాల్చి చంపిన నాయకుల్లో కవులూ ఉన్నారు. ఆ తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాసినందుకు కజిన్స్ ఉద్యోగం పోయింది. దేశం కాని దేశంలో పని లేకుండా మిగిలిన ఆయన్ని మదనపల్లె థియోసాఫికల్ కాలేజీ చేరదీసింది. ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కాలేజీకి వచ్చి జనగణమన పాడారు. మార్గరెట్ దానికి స్వరాలు రాసిపెట్టారు. ఠాగూర్ ఆ పాటను అక్కడే ఇంగ్లిష్‌లోకి మార్చారు.

తర్వాత కజిన్స్ తిరువనంతపురంలో చిత్రకళా ప్రదర్శనశాల ఏర్పాటుకూ తోడ్పడ్డారు. 1956లో మదనపల్లెలోనే చనిపోయారు. ఉన్న మాట రాసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషికి చివరిదాకా నీడనిచ్చింది మన ఊరే.