కాలిన్ మెకంజీ

కల్నల్ కాలిన్ మెకంజీ (1754 - మే 8, 1821) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్. దక్షిణ భారతదేశంలోని శాసనాలు, తాళపత్ర గ్రంథాలు, నాణేలు, స్థానిక చరిత్రలు సేకరించినవారిలో అగ్రగణ్యుడు. ఆంధ్రదేశపు గ్రామ చరిత్రలను తెలిపే కైఫియత్తులు ఈయన పూనికతోనే వెలువడినాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల చరిత్రను పరిశీలించేవారికి ఈయన సేకరణలు నేటికీ ముఖ్యమైన ఆధారాలు.

జననం, తొలి జీవితం

మెకంజీ స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో స్టోర్నొవే పట్టణంలో జన్మించాడు. కొంతకాలం అక్కడే సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. గణితంపైన, ముఖ్యంగా ప్రాచీన హిందువుల గణితంపైన ఆసక్తి ఈయనను భారతదేశం వైపు ఆకర్షించింది. 1783లో మద్రాసు చేరి సైన్యంలో ప్రవేశించి, తరువాత ఇంజనీర్ల విభాగానికి మారాడు. మైసూరు యుద్ధాలలో, 1799 నాటి శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్నాడు. ఆ యుద్ధం ముగిసిన తరువాత మైసూరు రాజ్యపు సర్వే బాధ్యత ఈయనకు అప్పగించారు. భూమిని కొలవటంతో పాటు అక్కడి ప్రజల చరిత్రను, ఆచారాలను, కట్టడాలను కూడా నమోదు చేయటం ఈ సర్వే ప్రత్యేకత.

కావలి సోదరులు

మెకంజీకి దక్షిణాది భాషలలో పాండిత్యం లేదు. ఆ లోటు తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వీరిలో వెంకట బొర్రయ్య 1796లో మెకంజీ వద్ద చేరాడు. తనకు ఈ దేశపు విజ్ఞాన ద్వారాలు తెరిచినవాడు బొర్రయ్యేనని మెకంజీ తరువాతి కాలంలో కృతజ్ఞతతో పేర్కొన్నాడు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. వీరి ఆధ్వర్యంలో పనిచేసిన పండితులు ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్ళు వ్రాసుకున్నారు. 1816లో థామస్ హికీ చిత్రించిన మెకంజీ తైలవర్ణ చిత్రంలో ఆయన చుట్టూ భారతీయ సహాయకులు కూడా కనిపిస్తారు.

అమరావతి

అమరావతిని రాజధానిగా చేసుకొని కొత్త పట్టణం కట్టిస్తున్న జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, కట్టడాలకు కావలసిన రాయి, ఇటుకల కోసం అక్కడి దిబ్బను త్రవ్వించాడు. శిల్పాలు చెక్కిన పలకలు బయటపడుతున్నవని విని మెకంజీ 1798లో ఆ స్థలాన్ని చూశాడు. 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ చాలావరకు నాశనమై, దాని నడుమ చెరువు త్రవ్వి ఉంది. అప్పుడు ఆయన కొలతలతో పటాలు గీయించి, మిగిలిన శిల్పాలను చిత్రకారులచేత యథాతథంగా చిత్రింపజేశాడు. అది బౌద్ధ స్తూపమని ఆయన గుర్తించలేదు, జైన నిర్మాణంగా భావించాడు. అయినా తరువాత కనిపించకుండా పోయిన పలకలలో కొన్నింటి రూపం ఆ చిత్రాల వల్లనే తెలుస్తున్నది. ఇవి ప్రస్తుతం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

కైఫియత్తులు

గ్రామ కరణాల వద్ద ఉన్న కవిలెలు, దేవాలయాల శాసనాలు, వృద్ధుల మాటలు ఆధారంగా వ్రాసిన గ్రామ చరిత్రలే కైఫియత్తులు. ఊరి పేరు ఎలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, అగ్రహారం ఎవరిచ్చారు, ఏ రాజు తరువాత ఏ రాజు ఏలాడు, చెరువులు ఎన్ని మొదలైన వివరాలు వీటిలో ఉంటాయి. పురాణగాథలు కూడా కలిసి ఉంటాయి కనుక వీటిని శాసనాలతో సరిచూసి వాడుకోవాలి.

తెనాలి, బాపట్ల, రేపల్లె సీమ ఇటువంటి ఆధారాలకు పెట్టినది పేరు. బాపట్ల భావనారాయణస్వామి ఆలయంలోని శాసనాలు, వెలనాటి చోడుల రాజధాని చందవోలు, కాకతి గణపతిదేవుని సేనాని జాయప దేవాలయాలు నిర్మించిన చేబ్రోలు ఈ ప్రాంతంలోనివే.

ఇలాంటి నమోదు ఎంత అవసరమో భట్టిప్రోలు చరిత్ర తెలుపుతుంది. రేపల్లె సమీపంలోని ఈ స్తూపాన్ని సకాలంలో ఎవరూ చిత్రించలేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో దాని ఇటుకలను రోడ్డు పనికి, పాలరాతి పలకలను కాలువ కట్టడానికి తరలించారు. 1892లో అలెగ్జాండర్ రే మిగిలిన భాగాన్ని త్రవ్వి శాసనాలున్న ధాతుకరండాలను వెలికితీశాడు. కాని స్తూపపు పైభాగం ఎలా ఉండేదో తెలుసుకొనే అవకాశం అప్పటికే పోయింది. బాపట్ల ఆలయ గాలిగోపురం 2011లో కూలిపోవటం, ఈ ప్రాంతపు కట్టడాలకు ప్రమాదం పాత రోజులతో తీరిపోలేదని గుర్తుచేసింది.

చివరి రోజులు

1811లో జావా దండయాత్రకు వెళ్ళి, అక్కడి ప్రాచీన కట్టడాలను కూడా పరిశీలించాడు. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్‌గా నియమితుడై, 1817లో కలకత్తాకు మారాడు. సేకరణలకు తానే వివరణాత్మక పట్టిక సిద్ధం చేయాలన్న కోరిక తీరకుండానే 1821లో కలకత్తా సమీపంలో మరణించాడు. ఆయన సమాధి అక్కడి సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉంది.

సేకరణల భవిష్యత్తు

మెకంజీ సేకరణను కంపెనీ ప్రభుత్వం ఆయన భార్య వద్ద కొనుగోలు చేసింది. హెచ్.హెచ్.విల్సన్ 1828లో ప్రచురించిన పట్టిక ప్రకారం ఇందులో 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన నకళ్ళు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి. ఈ పనిని కొనసాగించటానికి అనుమతించమని కావలి లక్ష్మయ్య చేసిన విన్నపాన్ని ప్రభుత్వం అంగీకరించలేదు. మద్రాసు చేరిన కాగితాలు శిథిలమవుతుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు కైఫియత్తులకు శుద్ధప్రతులు వ్రాయించాడు. ఇవే లోకల్ రికార్డ్స్ అనే పేరుతో ప్రసిద్ధమైనవి. వీటిలో అనేకం తరువాతి కాలంలో జిల్లాలవారీగా అచ్చయినాయి. మూల ప్రతులలో చాలా భాగం చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

తమ ఊరి కైఫియత్తును దగ్గర ఉంచుకొని గుడిలోని శాసనాలను సరిచూస్తే, అప్పటినుండి ఏది నిలిచిందో, ఏది పోయిందో గ్రామస్థులే తేల్చుకోవచ్చు.