కాటిసీను పద్యాల వెనకున్న మనిషి

మా చిన్నప్పుడు రేపల్లెలో శివరాత్రి జాగారమంటే హరిశ్చంద్ర నాటకమే. పిల్లలం సగంలోనే చాపల మీద నిద్రపోయేవాళ్ళం. కాటిసీను వచ్చేసరికి అమ్మమ్మ తట్టి లేపేది. భుజాన కర్రతో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటే అంత జనంలోనూ చడీచప్పుడు ఉండేది కాదు.

నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. మన బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టినాయన. పెళ్ళయి తెనాలి వచ్చేదాకా కాటిసీను పద్యాలన్నీ ఆయనవే అనుకున్నాను. కాదట! జనం వన్స్‌మోర్ కొట్టి మళ్ళీ మళ్ళీ పాడించుకునే పద్యాలు గుర్రం జాషువా గారివి. ఆయన ‘శ్మశానవాటి’ నుంచి తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. పద్యాలు ఊరూరా తిరిగాయి గానీ రాసినాయన పేరు వాటి వెంట అంతగా తిరగలేదు.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమాంబ గారు మాదిగ కులస్థురాలు. పైగా క్రైస్తవ కుటుంబం. చిన్నతనం నుంచీ అవమానాలు తప్పలేదు. అయినా చదువు మానలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు కావ్యాలు చెప్పించుకున్నారు. క్రైస్తవుడై ఉండి హిందూ కవిత్వమేమిటని ఇటు మతపెద్దలకు కోపం. అంటరానివాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని అటు పండితులకు కోపం. ఇంకెక్కడ నిలబడాలి చెప్పండి ఆ మనిషి? పొట్ట గడవడానికి బడిపంతులు ఉద్యోగం చేశారు. కొన్నాళ్ళు రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పారు.

అలాంటి మనిషి చావు గురించి రాస్తే ఎలా ఉంటుంది? శ్మశానమనగానే మనవాళ్ళు వైరాగ్యం బోధిస్తారు. జాషువా గారు బోధించరు, వస్తువులు చూపిస్తారు. కవిగారి కలం, రాజుగారి ముద్ర, చిత్రకారుడి కుంచె, పసివయసు ఇల్లాలి నల్లపూసలు. అన్నీ పోయేది అక్కడే. రాజముద్ర పక్కన నల్లపూసలకూ సమానంగా చోటిచ్చారు చూశారా, అది నాకెంతో ఇష్టం.

మరో పద్యంలో కొత్త సమాధి మీద చిన్న దీపం. చమురు అయిపోయినా ఆరదు. అది దీపం కాదు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి అక్కడ వదిలి వెళ్ళిన గుండె అంటారాయన. ఆ పద్యం దగ్గర అమ్మమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకునేది. మా అమ్మ కంటే ముందు పుట్టిన ఆడపిల్ల మూడో ఏట పోయిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అమ్మమ్మ ఆ సంగతి మాతో ఎప్పుడూ అనలేదు. ఏటా ఆ పద్యానికి మాత్రం మేలుకుని ఉండేది.

అంటరానితనం అడుగుపెట్టలేని చోటు కూడా శ్మశానమే అన్నారు జాషువా గారు. బతికుండగా ఎక్కడా దొరకని సమానత్వం అక్కడే దొరుకుతుందని రాయాలంటే ఎంత పడి ఉండాలి! 1941లో వచ్చిన ‘గబ్బిలం’లోనూ అదే బాధ. గుడిలోకి రానివ్వని పేదవాడు తన మొర శివుడికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. దాన్నయితే గుడిలో ఎవరూ అడ్డుకోరు కదా!

తర్వాత సన్మానాలకు కొదవలేదు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన కూతురు హేమలతా లవణం గారు మన బాపట్ల పక్కనే స్టూవర్టుపురంలో, దొంగలని ముద్రపడ్డ కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. 2008లో ఆవిడా వెళ్ళిపోయారు.

మొన్న మా అమ్మాయికి ఫోనులో ఆ దీపం పద్యం వినిపించాను. “హరిశ్చంద్రుడే రాశాడా అమ్మా?” అంది. కాదు, జాషువా గారని చెప్పి, మళ్ళీ మొదట్నుంచి పెట్టాను.