కాలు తీసేయాలన్నారు.. వేలి కొసలతో నిలబెట్టుకున్నారు

నలుగురి ఒళ్లు నొప్పులు తీసే మనిషికే పెద్ద కష్టం వచ్చిపడింది. అది 1929వ సంవత్సరం. జర్మనీకి చెందిన ఎలిజబెత్ డికె మర్దన, వ్యాయామ చికిత్సలు చేసే వృత్తిలో ఉన్నారు. ఆమె 1884లో జన్మించారు. నలభై దాటిన ఆ వయసులో కుడి కాలికి రక్త ప్రసరణ తగ్గిపోయింది. కాలు చల్లబడి, పాలిపోయి, మొద్దుబారింది. పాదం దగ్గర నాడి అందలేదు. వేళ్లు కుళ్లే స్థితికి వచ్చాయి. కాలు తీసేయక తప్పదేమోనన్నారు వైద్యులు.

అయిదు నెలలు మంచంమీదే గడిచాయి. పడుకుని పడుకుని నడుము నొప్పి కూడా పట్టుకుంది. ఆ నొప్పి ఎక్కడుందోనని ఆమె తన చేత్తోనే తడిమి చూసుకున్నారు. నడుము కింద, తుంటి ఎముక అంచు వెంట చర్మం కింది పొర దళసరిగా, బిగదీసుకుని తగిలింది. చర్మాన్ని, కండరాన్ని కలిపి పట్టి ఉంచే పొర అది. అక్కడ వేలి కొసతో లాగితే ప్రాణం జివ్వుమంది. అయినా వదల్లేదు. బిగువు మెల్లగా సడలింది, నడుము నొప్పి తగ్గింది. అంతకంటె వింత మరొకటి జరిగింది. చచ్చుబడిన కాలిలో చిమచిమలు పుట్టాయి, వెచ్చదనం పాకింది.

తోటి చికిత్సకురాలి సాయంతో ఆ లాగుడు కొనసాగించారు. మూడు నెలల్లో గండం గడిచింది. ఏడాదికల్లా ఆమె తిరిగి పనిలోకి వెళ్లారు.

డికె అంతటితో ఊరుకోలేదు. ఏ అవయవానికి జబ్బు చేస్తే వీపుమీద ఏ చోట బిగువు కనబడుతుందో రోగులను తడిమి గుర్తించారు. లోపలి అవయవాల జబ్బులు చర్మంమీద కొన్ని చోట్ల బయటపడతాయని ఇంగ్లండు వైద్యుడు హెన్రీ హెడ్ 1890ల్లోనే గమనించి ఉన్నారు. ఆమె పద్ధతిని ప్రొఫెసర్ కోల్‌రాష్, డాక్టర్ హెడె లాయ్బె పరిశీలించారు. లాయ్బెతో కలిసి ఆమె రాసిన గ్రంథం 1942లో వెలువడింది. 1952లో డికె కన్నుమూశారు.

ఇది నూనె రాసి ఒళ్లు తోమడం వంటిది కాదు. నూనె వాడరు. నడి వేలు, ఉంగరపు వేలు కొసలతో చర్మాన్ని పట్టి లాగుతారు. నడుము కింద మొదలుపెట్టి పైకి వెళతారు. గోటితో గీసినట్టు చురుక్కుమంటుంది. జర్మనీలో శిక్షణ పొందిన చికిత్సకులు నేటికీ ఇది చేస్తున్నారు.

అయితే ఒకరికి మేలు జరిగిందని అందరికీ జరుగుతుందనుకోరాదు. కాలు చల్లబడి రంగు మారితే మర్దనతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తనాళంలో అడ్డు తొలగించే చికిత్సలు ఈనాడు ఉన్నాయి. ఆమెకు ఆనాడు అవి లేవు. ఉన్నవల్లా పది వేళ్లు, వాటిమీద నమ్మకం.