నికోలా టెస్లా

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలు రాతినేలలు గల మెట్ట ప్రాంతములు. పూర్వమచ్చటి రైతులు ఎడ్లను కట్టి మోటతో బావినీరు తోడెడివారు. నేడు ఆ పనిని బోరుబావులలోని త్రీఫేజు మోటార్లు చేయుచున్నవి. ఆ మోటారునకు మూలమైన భావమును కనుగొన్నవారిలో ముఖ్యుడు నికోలా టెస్లా.

ఆయన 1856వ సంవత్సరము జూలై 10వ తేదీన, నేటి క్రొయేషియాలోని స్మిల్యాన్ గ్రామమున జన్మించెను. తండ్రి మతాచార్యుడు. తల్లి చదువెఱుగనిదైనను ఇంటికి వలయు పనిముట్లను స్వయముగా కల్పించుకొనెడిది. గ్రాజ్ నగరమున చదువుకొను దినములలో ఉపాధ్యాయుడొక విద్యుద్యంత్రమును నడిపి చూపగా, దాని బ్రష్షుల యొద్ద నిప్పురవ్వలు రాలెను. బ్రష్షులు లేకయే మోటారును త్రిప్పవచ్చునని టెస్లా పలికెను. అది అసాధ్యమని గురువు తరగతిలో అందఱి యెదుట ఖండించెను. ఆ మాట శిష్యుని ఏండ్ల తరబడి వెంటాడెను.

1882లో బుడాపెస్టు ఉద్యానవనమున మిత్రునితో నడచుచుండగా ఉపాయము తోచెను. వెంటనే పుల్ల తీసికొని ఇసుకపై పటము గీచి చూపెను. విద్యుత్ప్రవాహములు ఒకదాని వెనుక నొకటి సమమైన ఎడముతో తీగచుట్టలలో సాగినచో, చుట్టలు కదలకున్నను వాని నడుమ అయస్కాంత క్షేత్రము గిఱ్ఱున తిరుగును. దాని వెంట ఇరుసును తిరుగును. ఇటలీలో ఫెరారిస్ అను శాస్త్రజ్ఞుడును దీనిని వేఱుగా కనుగొనెను.

టెస్లా 1884లో అమెరికా చేరి, ఎడిసన్ సంస్థలో కొలదికాలము పనిచేసి విడిచెను. పొట్టకూటికై కందకములు సైతము త్రవ్వెను. 1888లో ఆయన మోటారునకు పేటెంట్లు లభింపగా వెస్టింగ్‌హౌస్ వానిని కొనెను. మరుసటి యేడు డొలీవో డొబ్రొవోల్‌స్కీ అను ఇంజనీరు దానికి మూడు ఫేజుల రూపమిచ్చెను. మన పొలములకు చేరినది ఈ రూపమే.

ఇందులో ప్రాణమంతయు ఆ సమత్వముననే యున్నది. మూడు ఫేజుల వోల్టేజీలో నూటికొక పాలు తేడా వచ్చినను కరెంటులోని తేడా దానికి ఆఱు మొదలు పది రెట్లు కావచ్చును. ఒక ఫేజు పోయినచో, ఆగియున్న మోటారు మూలుగునే కాని తిరుగదు. తిరుగుచున్నది మిగిలిన తీగలనుండి ఎక్కువ కరెంటు లాగి కాలిపోవును. పైరు ఎండుచుండగా రైతు దానిని బోరునుండి పైకి లాగి మరమ్మతునకు మోసికొనిపోవలసి యుండును.

మఱొక చిక్కు కలదు. క్షేత్రమును నిలుపుటకు మోటారు కొంత కరెంటును పుచ్చుకొని మరల వెనుకకు పంపుచుండును. నీరు లాగుచు దిగిన బాటనే మోట ఎడ్లు వట్టిగా ఎక్కినట్లు, ఈ రాకపోకలు నీటిని తోడవు. అయినను తీగలను వేడిచేసి, లైను చివరి బావికి వోల్టేజీ తగ్గించును. పవర్ ఫ్యాక్టర్ తక్కువగుట యనగా ఇదియే. మోటారు చెంత కెపాసిటరు నమర్చినచో ఆ కరెంటు అచ్చటనే లభించును.

వెస్టింగ్‌హౌస్ సంస్థ కష్టములలో పడినప్పుడు టెస్లా తనకు రావలసిన రాయల్టీని వదలుకొనెనని చెప్పుదురు. ముదిమిలో అప్పులతో హోటలు గదులలో కాలము గడపెను. 1943 జనవరి 7వ తేదీన న్యూయార్కు హోటలు గదిలో ఒంటరిగా మరణించెను. 1960లో అయస్కాంత క్షేత్రమును కొలుచు ప్రమాణమునకు టెస్లా అని పేరుంచిరి.