పనమరం కోటను గెలిచిన విలుకాడు – తలక్కల్ చంతు

మన ఇళ్లలో విల్లు ఇప్పటికీ చూరు కింద వేలాడుతూనే ఉంది. పండుగ రోజున దాన్ని కిందికి దించుతాం, భుజాన వేసుకుని ఫొటో దిగుతాం, మళ్లీ అక్కడే తగిలిస్తాం. గురి చూసి వేయడం వచ్చినవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. అందుకే విలువిద్య పెద్దలను తలుచుకునే ఈ సంచికలో యువతకు తలక్కల్ చంతు కథ చెప్పాలనుకున్నాం. ఆయనది తెలుగు నేల కాదు. కేరళలోని వయనాడ్ కొండల్లో పుట్టిన కురిచ్య ఆదివాసీ ఆయన. విల్లు పట్టిన ప్రతి గూడెమూ ఆయన్ను తన మనిషే అనుకోవచ్చు.

కురిచ్యులు కొండ వాలుల్లో వరి, రాగి పండించేవారు, అడవిలో వేటాడేవారు. ఒకే ముంగిలి చుట్టూ ఉమ్మడి కుటుంబంగా బతికేవారు. వేట మాంసాన్ని అందరూ పంచుకునేవారు. అక్కడి మగపిల్లలకు నడక వచ్చిన కొన్నేళ్లకే విల్లు చేతికి వచ్చేది. మలయాళంలో ‘కురి’ అంటే మన ‘గురి’యే. గురి పెట్టేవాళ్లు కాబట్టి కురిచ్యులు అనే పేరు వచ్చిందని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు. చంతు ఈ జనంలోనే పెరిగాడు, ఈ జనానికే నాయకుడయ్యాడు.

ఆ రోజుల్లో ఉత్తర మలబారులోని కోట్టయం సంస్థానానికి చెందిన పళశ్శి రాజా ఈస్టిండియా కంపెనీతో పోరాడుతున్నాడు. కంపెనీకి మలబారు మిరియాలు కావాలి, పన్నులు కావాలి, కొండల మీద పెత్తనం కావాలి. రాజుకు అండగా నిలిచినవారిలో నాయర్లు ఉన్నారు, కురిచ్యులు ఉన్నారు, కురుంబులు ఉన్నారు. 1797లో పేరియా కనుమ దగ్గర కంపెనీ దళం ఘోరంగా దెబ్బతింది. దాని అధికారి మేజర్ కామెరాన్ అక్కడే చనిపోయాడు. ఇరుకు దారుల్లో, చెట్ల మాటున, చప్పుడు లేకుండా వచ్చే బాణం ముందు తుపాకీ ఎంత తడబడుతుందో కంపెనీకి అక్కడ తెలిసివచ్చింది.

ఆ తర్వాత కంపెనీ ఊరుకోలేదు. ఆర్థర్ వెల్లెస్లీ వచ్చాడు. తర్వాతి కాలంలో వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించినవాడు ఇతడే. 1801 నాటికి వయనాడ్ అంతా సైనిక స్థావరాలు వెలిశాయి. పళశ్శి రాజా అడవుల్లో తలదాచుకోవలసి వచ్చింది. ప్రజల దగ్గరున్న ఆయుధాలు లాక్కోవడం మొదలైంది. ఇక తిరుగుబాటు ముగిసిందనే అందరూ అనుకున్నారు.

1802లో ఒక చిన్న సంఘటన దాన్ని మళ్లీ రగిలించింది. కంపెనీ బంట్రోతు ఒకడు ఒక కురిచ్య ఇంటికి వచ్చి వడ్లు ఇమ్మని దబాయించాడు. రాజు అనుచరుడైన ఎడచ్చేన కుంకన్ అప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. అతడు లేచి ఆ బంట్రోతును చంపాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. కురిచ్యులు విల్లులు అందుకున్నారు. వారిని నడిపించినవాడు తలక్కల్ చంతు.

1802 అక్టోబరు 11న చంతు, కుంకన్ కలిసి పనమరం కోట మీద పడ్డారు. వారి వెంట ఉన్నది సుమారు 150 మంది కురిచ్య విలుకాళ్లు. కోటలో కెప్టెన్ డికెన్సన్, లెఫ్టినెంట్ మాక్స్‌వెల్ కింద బొంబాయి పదాతి దళం డెబ్బై మంది దాకా ఉంది. కొద్ది మైళ్ల దూరంలో పులింజాల్ దగ్గర ఇంకా పెద్ద సైన్యం ఉంది. అది కదిలేలోపే పని అయిపోయింది. ఇద్దరు అధికారులూ చనిపోయారు. 112 తుపాకులు, 6 పెట్టెల మందుగుండు, 6,000 రూపాయలు విలుకాళ్ల చేతికి వచ్చాయి.

ఒక్క పిలుపుకి అంతమంది గురి తప్పని విలుకాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? వారికి జీతం ఇచ్చి కవాతు నేర్పిన సైన్యం లేదు. తండ్రి కొడుక్కి, అన్న తమ్ముడికి, మేనమామ మేనల్లుడికి నేర్పిన విద్య ఉంది. కంపెనీ తుపాకులు లాక్కోగలిగింది కానీ, పిల్లలు ఆడుతూ నేర్చుకున్న గురిని లాక్కోలేకపోయింది. చంతు ధైర్యం గొప్పదే. ఆ ధైర్యం వెనుక నిలబడింది మాత్రం ఇంటింటా ఉన్న విలువిద్య.

పనమరం వార్తతో వయనాడ్ అంతా లేచింది. తీరం నుంచి కంపెనీ కొత్త దళాలను రప్పించింది. కనుమ దారుల్లో దెబ్బ కొట్టడం, అడవిలో మాయమవడం, మళ్లీ కొట్టడం – ఇలా మూడేళ్లు సాగింది. 1805లో సబ్ కలెక్టర్ థామస్ బేబర్ వయనాడ్ మీద దృష్టి పెట్టాడు. పోరాడేవారికి ఊళ్ల నుంచి అందే తిండినీ సమాచారాన్నీ తెంచడం మీద పట్టుబట్టాడు. ఆ ఏడాదే చంతు పట్టుబడ్డాడు. నవంబరు 15న ఆయన్ను చంపేశారు. మరో పదిహేను రోజులకు, నవంబరు 30న, పళశ్శి రాజా కూడా మరణించాడు.

అయినా కురిచ్యులు విల్లు దించలేదు. పంట రూపంలో కట్టే పన్నును నగదుగా కట్టమని కంపెనీ పీడించడంతో 1812లో కురుంబులతో కలిసి మళ్లీ తిరగబడ్డారు. ఈసారి నాయకుడు రామన్ నంబి. చంతు పోయిన ఏడేళ్లకు కూడా ఆ కొండల్లో విలుకాళ్లకు కొదవ లేదు. కంపెనీ బలగాలు ఆ తిరుగుబాటునూ అణచివేశాయి.

మన మన్యం కథ కూడా దీనికి దూరమైనది కాదు. పనమరం తర్వాత 120 ఏళ్లకు, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు వెంట మన కొండల వీరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారు. గాం గంటం దొర, మల్లు దొర పేర్లు మీరు వినే ఉంటారు. వయనాడ్ వీరులెవరో మన వాళ్లకు తెలియకపోవచ్చు. రెండు చోట్లా కడుపు మండిన కారణాలు ఒకటే: అడవి మీద ఆంక్షలు, పన్నులు, వెట్టి, చిన్న ఉద్యోగి అహంకారం.

పనమరంలో ఒక కోలి చెట్టు దగ్గర చంతుకు స్మారకం ఉంది. ఆయన్ను చంపింది ఆ చెట్టు కిందేనని జనం చెప్పుకుంటారు. కేరళ వైపు వెళ్లే మన పిల్లలు ఒక్కసారి అక్కడ ఆగి దండం పెట్టాలని మా కోరిక.

ఇప్పుడు మనం ఎవరి మీదా బాణం వేయనక్కర లేదు. కానీ విల్లుకు ఏ వెదురు పనికొస్తుందో, నారి ఎలా పేనాలో, ఊపిరి బిగబట్టి గురి ఎలా నిలపాలో తెలిసిన తాతలు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. వారు పోతే ఆ విద్య ఏ పుస్తకంలోనూ దొరకదు. ఈ పండుగకు చూరు కింది విల్లు దించినప్పుడు ఫొటోతో సరిపెట్టకండి. తాత పక్కన కూర్చుని, నారి ఎక్కించడం నేర్చుకోండి. వచ్చే ఏడాది మీ తమ్ముడికి మీరే నేర్పండి. చంతుకు మనం ఇవ్వగల నివాళి అదే.