ఫిరంగులు పోయించిన రేమండు

ఆత్మకూరు, ఉదయగిరి సీమల బాలురకు దుర్గమన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. కోటగోడలను చూచి యానందింతుము గాని, అట్టి గోడలను కూల్చు ఫిరంగులు మన దేశమున నెట్లు తయారయ్యెనో విచారింపము. కావున వానిని పోయించిన రేమండు చరితమును సంగ్రహముగ వ్రాయుచున్నాము.

రేమండు 1755 సంవత్సరమున ఫ్రాన్సులోని గాస్కనీ సీమయందు జన్మించెను. 1775లో వర్తకమునకై పుదుచ్చేరి చేరెను; కాని త్రాసు విడిచి కత్తి పట్టెను. కొంతకాలము హైదరాలీని కొలిచి, 1783లో బుస్సీ దొరకు సహాయాధికారి యయ్యెను. 1757 నాటి బొబ్బిలి యుద్ధముచే మన మెఱిగిన బుస్సీ యితడే. 1785లో బుస్సీ మరణింపగా, మఱుసటియేట రేమండు హైదరాబాదు నిజాము కొలువున చేరెను.

మొదట నాతనికి మున్నూరుమంది భటులే. వారి తుపాకులును సొంతము గావు. ఒక ఫ్రెంచి వర్తకునియొద్ద తుపాకికి నెలకు ఎనిమిదణాల చొప్పున బాడుగకు తెచ్చినవి. ఈ చిన్న దండే క్రమముగ సుమారు 14,000 మంది సైన్యమయ్యెను. ఎరువు సొమ్ముతో యుద్ధము సాగదని యెఱిగి, రేమండు హైదరాబాదున ఫిరంగుల పోతశాలను నెలకొల్పెను. మట్టి యచ్చులలో కరగిన లోహమును పోసి, చల్లారిన పిదప నచ్చును పగులగొట్టి, ఫిరంగిని వెలికిదీయుట పూర్వపు పద్ధతి. పోతశాల యున్న పేటకు నేటికిని గన్‌ఫౌండ్రీ యనియే పేరు.

1795లో మహారాష్ట్రులతో జరిగిన ఖర్దా యుద్ధమున రేమండు దళములు ధైర్యముతో నిలిచినను, నిజాము వెనుదిరుగుటచే నవియు మరలవలసివచ్చెను. ఆ యేడే నిజాము కుమారుడగు ఆలీజా తిరుగబడగా రేమండు వానిని పట్టుకొనెను.

1798 మార్చి 25వ తేదీన, నలుబదిరెండేండ్ల ప్రాయమున, రేమండు మృతినొందెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే ఆంగ్లేయు లాతని సైన్యమును చుట్టుముట్టి, రక్తపాతము లేకయే ఆయుధములు దింపించిరి. పండ్రెండేండ్ల కష్టము ఏడు మాసములలో మాసిపోయెను.

కాని పేరు మాయలేదు. హిందువులు మూసారామని, మహమ్మదీయులు మూసారహీమని యాతనిని తమవానిగ చెప్పుకొనిరి. మూసారాంబాగున కా పే రాతనివలననే వచ్చెనందురు. 2001లో వానలకు సమాధియొద్ద మంటపము కూలగా మరల కట్టిరి.

యుద్ధశకటములకు మహారాష్ట్రములోని అహమదునగరమున (నేటి అహల్యానగరమున) 1994లో ప్రదర్శనశాల ఏర్పడెను. రేమండు పోతశాలకో, శిథిలమైన గోడలే మిగిలినవి. యుద్ధమును పొగడుటకై కాదు, పనివాండ్ర నేర్పు మఱువకుండుటకై అవి నిలువవలెను. విద్యార్థులారా! హైదరాబాదు పోయినపుడు చార్మినారుతోపాటు ఆ గోడలనుకూడ చూచి రండు. చూచువారు లేని కట్టడము కూలుట కెన్నినాళ్లు పట్టును?